రాణి నోట తొలి ఆంగ్ల మాట

1662 సెప్టెంబరు 7, ఆదివారం. లండన్‌లో థేమ్స్ ఒడ్డునున్న సోమర్సెట్ హౌస్‌లో రాజమాత హెన్రియెట్టా మరియా కొలువుతీరిన గదిలోకి, నౌకాదళ కార్యాలయంలో ఉద్యోగం చేసే శామ్యూల్ పీప్స్ తెలిసిన వైద్యుడొకరి వెంట వెళ్ళాడు. రాజు రెండవ ఛార్లెస్ పెళ్ళాడి తెచ్చుకున్న పోర్చుగీసు రాణిని అతడు చూడడం అదే మొదటిసారి. ఆమెలో గొప్ప ఆకర్షణ లేకపోయినా ముఖంలో మంచితనం, అణకువ, అమాయకత్వం కనిపించాయని తన దినచర్యలో రాసుకున్నాడు. ఆ తరువాత రాజు వచ్చి, రాణి గర్భవతి అనీ, ఆ మాట తనతో ఆమే చెప్పిందనీ తల్లి దగ్గర వేళాకోళమాడాడు. రాణి అతని వైపు తిరిగి "నువ్వు అబద్ధమాడుతున్నావు" అని ఇంగ్లీషులో అంది. ఆమె నోట తాను విన్న మొట్టమొదటి ఆంగ్ల మాట అదేనని పీప్స్ నమోదు చేశాడు. రాజుకు అది సరదాగా తోచి, "నేరం ఒప్పుకుని ఉరెక్కు" అనే ఇంకో మాట కూడా ఆమెకు నేర్పబోయాడు. అదే గదిలో రాజుగారి ఉంపుడుకత్తె లేడీ కాసిల్‌మెయిన్ ఉంది. రాజుకు వేరొక స్త్రీ వలన కలిగిన పదమూడేళ్ళ కొడుకు కూడా అక్కడే ఉన్నాడు.

ఎన్నిసార్లు చదివినా నేను ఆ గది దగ్గరే ఆగిపోతాను. అత్తవారి దేశానికి వచ్చి నాలుగు నెలలైనా నిండని ఒక స్త్రీకి, ఆ దేశపు భాషలో నలుగురి ఎదుట అనవలసి వచ్చిన వాక్యం అది.

మన పాఠ్యపుస్తకాల్లో ఈమె ఒక్క వాక్యంలో వచ్చి వెళ్ళిపోతుంది: పోర్చుగల్ రాజకుమార్తెను పెళ్ళాడినందుకు ఇంగ్లండ్ రాజుకు బొంబాయి కట్నంగా దక్కింది. నేను బడిలో చదువుకున్న వాక్యంలో దీవి పేరు ఉంది, సంవత్సరం ఉంది, పెళ్ళికొడుకు పేరు ఉంది. పెళ్ళికూతురి పేరు మాత్రం లేదు. చాలా ఏళ్ళ తరువాత ఆ పేరు వెతుక్కుంటూ వెళ్ళినప్పుడు, పరాయి కొలువులో దాదాపు ముప్పై ఏళ్ళు గడిపిన బ్రగాంజా వంశపు కేథరిన్ నాకు కనిపించింది. ఆమెను ఓర్పుగల ఇల్లాలని పొగిడినవారూ ఉన్నారు, నోరులేని రాణి అని జాలిపడినవారూ ఉన్నారు. ఇద్దరి మాటా నాకు సరిగా తోచలేదు. ఆమె చెప్పవలసిన చోట స్పష్టంగానే చెప్పింది. ఆ కొలువుకే వినే చెవి లేకపోయింది.

ఆమె పుట్టినింటి పేరు కతరీనా. 1638 నవంబరు 25న, సెయింట్ కేథరిన్ పండుగనాడు, పోర్చుగల్‌లోని వీలా విసోజాలో డ్యూక్ ఇంట పుట్టింది. అప్పటికి దాదాపు అరవై ఏళ్ళుగా పోర్చుగల్ స్పెయిన్ రాజుల ఏలుబడిలో ఉంది. పాపకు రెండేళ్ళు నిండిన వారంలోనే, 1640 డిసెంబరు 1న, లిస్బన్‌లో తిరుగుబాటు జరిగి తండ్రి నాలుగవ జాన్ పేరుతో రాజయ్యాడు. ఆ స్వాతంత్ర్యాన్ని స్పెయిన్ 1668 దాకా గుర్తించలేదు. కనుక ఆ పిల్ల పెరిగిన కాలమంతా ఆ దేశానికి యుద్ధకాలమే. ఆమెకు సంబంధం వెతకడమంటే దేశానికి సైన్యాన్ని వెతకడమే. తండ్రి పోయాక రాజ్యభారం మోసిన తల్లి లూయీసా 1661 జూన్ 23న ఇంగ్లండ్‌తో ఒప్పందం కుదిర్చింది. ఇరవై లక్షల క్రుజాదోల (పోర్చుగీసు నాణేల) సొమ్ము, ఆఫ్రికా తీరంలోని టాంజియర్, మన పడమటి తీరంలోని బొంబాయి, పోర్చుగీసు వలసల్లో వ్యాపారం చేసుకునే హక్కులు కట్నం. దానికి బదులుగా ఇంగ్లండ్ సైనికులనూ ఓడలనూ పంపాలి. లూయీసా దగ్గరున్న డబ్బు యుద్ధానికే చాలలేదు. అందుచేత తొలి విడత కట్నంలో చాలా భాగం నాణేలకు మారుగా చక్కెర మూటలు, సుగంధద్రవ్యాలు, హుండీల (డబ్బు చెల్లింపు పత్రాల) రూపంలో ఓడలకెక్కింది. మిగిలిన బాకీ కోసం ఏళ్ళ తరబడి ఉత్తరాలు నడిచాయి. కట్నం బాకీపడిన ఇంటి కోడలు ఎలా తల వంచుకుని తిరుగుతుందో మన పాఠకులకు నేను వివరించనక్కరలేదు.

1662 మే నెల మధ్యలో ఆమె పోర్ట్స్‌మత్ రేవులో దిగింది. రాజు వెంటనే రాలేదు. 20వ తేదీన వచ్చాడు. మరునాడు ఒకే రోజున రెండు పెళ్ళిళ్ళు జరిగాయి. మొదటిది ఆమె మతం ప్రకారం, గదిలో, గుట్టుగా జరిగిన కాథలిక్ పెళ్ళి. రెండవది ఇంగ్లండ్ అధికార మతశాఖ అయిన ఆంగ్లికన్ పద్ధతిలో అందరి ఎదుట జరిగిన పెళ్ళి. ఆమెకు ఇంగ్లీషు రాదు, అతనికి పోర్చుగీసు రాదు. ఇద్దరూ స్పానిష్‌లో మాట్లాడుకున్నారు. ఆమె తల్లి పుట్టుకతో స్పెయిన్ దేశస్థురాలు. అతడు ప్రవాసంలో కొన్నాళ్ళు స్పెయిన్ ఏలుబడిలోని ఫ్లాండర్స్‌లో తలదాచుకున్నవాడు. ఏ దేశంతో పోరాడడానికి ఈ పెళ్ళి జరిగిందో, ఆ దేశపు భాషలోనే ఆ దంపతుల తొలి మాటలు సాగాయన్నమాట. ఆమె ముఖాన్ని అచ్చమైన అందం అనలేమనీ, కళ్ళు మాత్రం చాలా బాగున్నాయనీ, చూసి వెరవదగినదేమీ ఆ ముఖంలో లేదనీ రాజు తన ప్రధానమంత్రి వంటి క్లారెండన్ ప్రభువుకు ఆ రోజే జాబు రాశాడు.

ఆమె వెంట అరణంగా వచ్చిన పోర్చుగీసు స్త్రీలను చూసి ఇంగ్లండ్ కొలువు ముక్కున వేలు వేసుకుంది. వాళ్ళు కట్టుకున్న గ్వార్దా ఇన్ఫాంతే అనే లంగాలు లోపల చట్రం బిగించి రెండు పక్కలకూ వెడల్పుగా సాగేవి; ఇంగ్లండ్‌లో ఆ తరహా వేషం పోయి చాలాకాలమైంది. పీప్స్ లాగే దినచర్య రాసిన జాన్ ఎవెలిన్ మే 30న హాంప్టన్ కోర్టు రాజభవనంలో వాళ్ళను చూసి, ఆ లంగాలు వికృతంగా ఉన్నాయనీ, వాళ్ళ మేనిఛాయ చామనగా ఉండి కంటికి ఇంపుగా లేదనీ రాశాడు. రాణి పొట్టిదైనా చక్కని తీరుగల మనిషి అంటూనే, పలువరుస కాస్త ముందుకు వచ్చి నోటి అందాన్ని చెడగొట్టిందని కూడా చేర్చాడు. పశువుల సంతలో కోడెదూడను పరిశీలించినట్టు పళ్ళు చూసి రాసిన ఆ మాటలు చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. ఆ రోజుకు ఆమె ఆ దేశంలో అడుగుపెట్టి రెండు వారాలైంది.

అసలు సంగతి జులైలో జరిగింది. రాణి శయ్యాగారపు పరిచారికల పదవి అంటే పక్క సర్దే పని అని మనం అనుకోకూడదు. అది గొప్ప కుటుంబాల స్త్రీలు పోటీపడే గౌరవ పదవి. దానితో పాటు జీతం, రాజభవనంలో బస, అన్నిటికీ మించి రాణి ఆంతరంగిక గదుల్లోకి ఎప్పుడైనా వెళ్ళగల హక్కు వస్తాయి. ఆ పదవులకు తగినవారి పేర్లతో రాజు ఒక జాబితా పంపాడు. అందులో బార్బరా పామర్, అంటే లేడీ కాసిల్‌మెయిన్, పేరుంది. రాజుకు ఆమె వలన అప్పటికే ఒక కూతురుంది. జూన్‌లో, కొత్త పెళ్ళికూతురు హాంప్టన్ కోర్టులో ఉన్న రోజుల్లోనే, కొడుకు పుట్టాడు. ఆ స్త్రీని దగ్గరకు రానివ్వవద్దని తల్లి లిస్బన్‌లోనే చెప్పి పంపింది. కేథరిన్ కలం తీసుకుని ఆ ఒక్క పేరు కొట్టేసింది. ఆ మాత్రం మన్నన తనకు దక్కాలనీ, లేదంటే తనను వచ్చిన చోటికే పంపించివేయాలనీ అడిగిందట; జులై 26 నాటికి ఈ కబురు పీప్స్ చెవిదాకా వచ్చింది. మాట రాని చోట గీసిన ఆ గీత కంటే స్పష్టమైన వాక్యం ఉంటుందా?

రాజు ఊరుకోలేదు. కొలువు నిండా జనం ఉన్న సమయంలో ఒక స్త్రీని చేయి పట్టుకుని తీసుకువచ్చి రాణికి పరిచయం చేశాడు. కేథరిన్ ఆమె ఎవరో తెలియక మర్యాదగా పలకరించింది. తాను పలకరించింది కాసిల్‌మెయిన్‌నేనని తెలిసిన క్షణంలో జరిగినది క్లారెండన్ రాసి పెట్టాడు: రాణి కుర్చీలో కూర్చుందో లేదో ముఖం రంగు మారిపోయింది, కళ్ళవెంట నీళ్ళు ధారలు కట్టాయి, ముక్కు నుండి రక్తం కారింది, స్పృహ తప్పింది. ఆమెను పక్క గదిలోకి మోసుకుపోయారు. రాజుకు కలిగింది జాలి కాదు, అవమానం. ఈ వ్యవహారంలో కాసిల్‌మెయిన్‌కు ఎవరు శత్రువైతే వారికి తాను బతికినంతకాలం శత్రువునేనని క్లారెండన్‌కు ఉత్తరం రాశాడు. ఇది అన్యాయమని మొదట రాజుకే చెప్పిన ఆ పెద్దమనిషి, ఆ ఉత్తరం అందాక రాణిని ఒప్పించడానికి ఆమె గదికి వెళ్ళవలసి వచ్చింది. పోర్చుగల్‌కు తిరిగి వెళ్ళిపోతానని ఆమె అన్నప్పుడు, ముందు మీ తల్లి రానిస్తుందో లేదో తెలుసుకోవాలి అన్నది ఆమె విన్న సమాధానాల సారం. మాట మీద నిలబడినందుకు ఆమెకు పడిన శిక్ష ఏమిటంటే, అరణపు పరివారంలో చాలామందిని ఓడెక్కించి వెనక్కు పంపేశారు. పూజారులనూ, వంటవారిలో కొందరినీ ఉంచారు. ఆంతరంగికుల్లో మిగిలింది పెనాల్వా కౌంటెస్ ఒక్కతే. చూపు దాదాపు పోయిన ఆ వృద్ధురాలిని రాణి బతిమాలి దక్కించుకుంది.

ఆ తరువాత ఒక రోజున కేథరిన్ కాసిల్‌మెయిన్‌తో మాట్లాడడం మొదలుపెట్టింది. అందరి ఎదుట నవ్వుతూ పలకరించింది. సెప్టెంబరు నాటి ఆ ఆదివారం నాటికి ముగ్గురూ ఒకే గదిలో ఉండడానికి కారణం ఇదే. ఇంతకాలం నిలబడి ఇప్పుడు వంగిపోయిందని క్లారెండన్ నొచ్చుకున్నాడు. అప్పటిదాకా ఆమె పక్షాన ఉన్నవారికి కూడా ఆమె పట్ల గౌరవం తగ్గిందని రాశాడు. నేను ఆయనతో ఏకీభవించలేను. పరివారం పోయింది, కట్నం బాకీ ఉంది, పుట్టింట యుద్ధం నడుస్తోంది, ఆ యుద్ధానికి సైన్యం ఈ భర్త నుండే వెళ్ళాలి. ఆమె పంతం పట్టి కూర్చుంటే మూల్యం చెల్లించవలసినది ఆమె ఒక్కతే కాదు. ఇరవై మూడేళ్ళ మనిషి ఇంత లెక్క వేసుకుని, తన మర్యాదను తానే చంపుకుని నవ్వింది. దానిని లొంగుబాటు అనడానికి నాకు మనసొప్పదు.

1663 అక్టోబరులో ఆమెకు తీవ్రమైన జ్వరం వచ్చి ప్రాణం మీదికి తెచ్చింది. జుట్టు కత్తిరించి, పావురాలను పాదాలకు కట్టే ఆనాటి వైద్యమంతా చేశారు. సంధి ప్రేలాపనలో ఆమె తనకు కొడుకు పుట్టాడని అనుకుంది. పిల్లవాడు అందంగా లేడని దిగులుపడింది. పక్కనే ఉన్న రాజు, కాదు, చాలా చక్కని పిల్లవాడు అన్నాడు. "నీ పోలికైతే చక్కనివాడే, నాకు సంతోషమే" అని ఆమె జవాబు. మరో రోజు ముగ్గురు పిల్లలున్నారని పలవరించి, ఆడపిల్ల రాజు పోలికేనంది. మగత నుండి మేలుకొని పిల్లలెలా ఉన్నారని అడిగింది. రాజు ఆ రోజుల్లో ఆమె మంచం పక్కన కూర్చుని ఏడ్చాడని చెప్పుకున్నారు. అది అబద్ధమని నేననను. అదే రోజుల్లో రాత్రి భోజనానికి అతడు కాసిల్‌మెయిన్ ఇంటికి వెళ్ళేవాడన్నది కూడా పీప్స్ రాసిందే.

ఆమె బతికింది, కానీ కడుపు పండలేదు. 1666, 1668, 1669లలో గర్భం నిలవకుండా పోయింది. రాజుకు ఇతర స్త్రీల వలన పుట్టిన పిల్లలు డజను దాకా ఉండడంతో లోపం ఎవరిదన్న ప్రశ్నకు కొలువు చర్చ కూడా లేకుండా తీర్పు చెప్పేసింది. విడాకులిచ్చి మళ్ళీ పెళ్ళి చేసుకోమని పెద్దలు సలహాలిచ్చారు; ఆమెను ఎత్తుకుపోయి సముద్రం అవతలి వలసల్లో వదిలేద్దామని బకింగ్‌హాం డ్యూక్ అన్నాడనే కథ కూడా ఉంది. బిడ్డలు పుట్టకపోవడం ఆమె తప్పు కాదనీ, తన భార్య అయిన పాపానికి ఒక అమాయకురాలిని కష్టపెట్టడం దుర్మార్గమనీ రాజు దానిని తోసిపుచ్చాడట. కాథలిక్ కావడం చేత ఆంగ్లికన్ పద్ధతిలో పట్టాభిషేకం జరిపించుకోలేక, తలమీద కిరీటం ఎన్నడూ పెట్టుకోని రాణి ఆమె.

ఇన్ని దుఃఖాల మధ్య ఆమె మూల కూర్చుని ఏడ్చిందనుకుంటే పొరపాటు. నాట్యం నేర్చుకుంది, విలువిద్యలో ఆసక్తి చూపింది, పేకాట ఇష్టపడింది. 1670 శరత్కాలంలో కొలువు ఆడ్లీ ఎండ్ భవనంలో ఉన్నప్పుడు, పక్క ఊళ్ళో తిరునాళ్ళు జరుగుతున్నాయని విని ఇద్దరు డచెస్‌లను వెంటబెట్టుకుని పల్లెపడుచు వేషం వేసుకుని బయలుదేరింది. ఎర్ర లంగాలు కట్టుకుని, బక్కచిక్కిన బండిగుర్రం మీద ఒక మగమనిషి వెనుక కూర్చుని వెళ్ళింది. వేషం మరీ ఎక్కువైందో ఏమో, జనం వాళ్ళను నాటకాలవాళ్ళనుకుని చుట్టూ మూగారు. రాణి ఒక అంగడి ముందు ఆగి, తన ప్రియుడికని పసుపుపచ్చని మేజోళ్ళు బేరమాడింది. మాట్లాడగానే ఆ యాస బయటపెట్టేసింది. గుంపులో రాణి భోజనం చేస్తుండగా ఎప్పుడో చూసిన మనిషి ఒకడు ఆమెను గుర్తుపట్టాడు. ఇక ఊరు ఊరంతా గుర్రాల మీద, ఒక్కో గుర్రం మీద ఇద్దరేసి ముగ్గురేసి ఎక్కి, రాజభవనం గుమ్మం దాకా వెంటపడింది. ఎనిమిదేళ్ళు ఆ దేశంలో బతికాక కూడా నోరు తెరిస్తే పరాయిదని తెలిసిపోయేది. అయినా మేజోళ్ళ అంగడి దగ్గర ఆమె ఇంగ్లీషులోనే బేరమాడింది, తనంతట తాను, ఎవరూ నేర్పని మాటలతో. ఆమె జీవితంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇది.

ఇంగ్లండ్‌కు తేనీరు తెచ్చింది ఈమే అని తరచుగా రాస్తుంటారు. అది నిజం కాదు. ఆమె రాకముందే లండన్ కాఫీ దుకాణాల్లో తేనీరు అమ్మేవారు, పీప్స్ 1660లోనే తాగి చూశాడు. ఆమె వలన అది కొలువులో పెద్దింటి అలవాటైందనడం సబబు. బొంబాయి సంగతి ఇంకా విచిత్రం. గోవాలోని పోర్చుగీసు వైస్రాయి దానిని అప్పగించడానికి మొండికేశాడు. అక్కడికి పంపిన ఆంగ్ల సైనికులు కార్వార్ దగ్గరి అంజిదీవు దీవిలో ఎదురుచూస్తూ రోగాలతో రాలిపోయారు. వారి నాయకుడు షిప్‌మన్ కూడా చనిపోయాడు. చివరికి 1665 ఫిబ్రవరిలో అతని కార్యదర్శి హంఫ్రీ కుక్ దానిని స్వాధీనం చేసుకున్నాడు. మూడేళ్ళకే, 1668లో, రాజు ఆ దీవిని ఏడాదికి పది పౌండ్ల అద్దెకు ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. టాంజియర్‌ను 1684లో వదిలేశారు. ఏ కట్నం కోసం ఆమెను తెచ్చుకున్నారో ఆ కట్నం ఆమె కళ్ళ ముందే చేతులు మారింది.

1678లో టైటస్ ఓట్స్ అనే వంచకుడు, కాథలిక్కులు రాజును చంపడానికి కుట్ర పన్నారని పుట్టించిన కథతో లండన్ వణికిపోయింది. ఓట్స్ వాంగ్మూలం తీసుకున్న మేజిస్ట్రేటు గాడ్‌ఫ్రే హత్య రాణి నివాసమైన సోమర్సెట్ హౌస్‌లోనే జరిగిందన్న అబద్ధపు సాక్ష్యం మీద 1679 ఫిబ్రవరిలో ముగ్గురిని ఉరితీశారు. రాణి వైద్యుడు జార్జ్ వేక్‌మన్ చేత రాజుకు విషం పెట్టించడానికి ఆమె ఒప్పుకుందని, తలుపు అవతల నుండి ఆమె గొంతు తాను విన్నానని ఓట్స్ చెప్పాడు. గమనించండి, సాక్ష్యం ఆమె గొంతే. ఇంతకాలం ఎవరూ చెవిన పెట్టని ఆ గొంతును, ఆమె అనని మాట కోసం ఒక అబద్ధాలకోరు విన్నాడట. రాజు ఓట్స్‌ను స్వయంగా ప్రశ్నించాడు. ఆ మాటలు విన్న గది ఏదో చూపించమంటే అతడు సరిగా చూపలేకపోయాడు. నాకు కొత్త భార్య కావాలనుకుంటున్నారు గానీ ఒక నిరపరాధిని హింసిస్తుంటే చూస్తూ ఊరుకోనని రాజు అన్నట్టు చెబుతారు. 1679 జులైలో వేక్‌మన్ నిర్దోషిగా బయటపడ్డాడు. ఈ ఒక్క విషయంలో ఛార్లెస్‌కు నేను మనస్ఫూర్తిగా మార్కులు వేస్తాను; సింహాసనం ఊగుతున్న రోజుల్లో ఆమెను బలిచ్చి తప్పించుకోవడం అతనికి తేలిక.

1685 ఫిబ్రవరిలో అతడు మంచాన పడ్డాడు. కేథరిన్ అతని పాదాల దగ్గర మోకరిల్లి, దుఃఖం ఆపుకోలేక సొమ్మసిల్లింది. ఆమెను తన గదికి తీసుకుపోయారు. తిరిగి రాలేక, తానేనాడైనా తప్పు చేసి ఉంటే క్షమించమని కబురు పంపింది. "అయ్యో పాపం, ఆమె నన్ను క్షమాపణ అడుగుతోందా! నేనే మనసారా ఆమె క్షమాపణ కోరుతున్నాను, వెళ్ళి చెప్పండి" అన్నాడు. ఇరవై రెండేళ్ళ కాపురంలో జులై నాటి ఆ కొట్టివేతకు జవాబు అప్పటికి వచ్చింది, అదీ మరొకరి నోట. ఫిబ్రవరి 6న అతడు పోయాడు.

వితంతువుగా ఆమె మరో ఏడేళ్ళు లండన్‌లోనే ఉండిపోయింది. కాథలిక్ మరిది జేమ్స్ సింహాసనం కోల్పోయి, విలియం, మేరీల ఏలుబడి వచ్చాక ఆమె ప్రార్థనల మీదా, పరివారం మీదా అనుమానపు చూపులు మళ్ళీ మొదలయ్యాయి. 1692లో ఇంగ్లండ్ వదిలి, ఫ్రాన్స్, స్పెయిన్‌ల మీదుగా భూమార్గాన ప్రయాణించి, 1693 జనవరిలో లిస్బన్ చేరింది. ఓడలో వెళ్ళిన ఇరవై మూడేళ్ళ పడుచు యాభై నాలుగేళ్ళ మనిషిగా తిరిగి వచ్చింది. తమ్ముడు రెండవ పేద్రో అప్పుడు రాజు. ఆమె బెంపోష్తా అనే చోట తనకంటూ ఒక భవనం కట్టించుకుంది.

1704లో స్పెయిన్ వారసత్వ యుద్ధంలోకి పోర్చుగల్ దిగినప్పుడు, తమ్ముడు యుద్ధభూమికి వెళ్ళినా, తరువాత జబ్బుపడినా, రాజ్యపాలన ఆమె చేతికే వచ్చింది. మంత్రులు ఆమె ముందు నిలబడి పోర్చుగీసులో విన్నవించుకునేవారు, ఆమె పోర్చుగీసులో ఉత్తరువులిచ్చేది. ఆ యుద్ధంలో పోర్చుగల్‌కు మిత్రదేశం ఇంగ్లండ్. లిస్బన్‌లో ఆ దేశపు రాయబారిగా ఉన్న జాన్ మెథ్యూన్, తన ప్రభుత్వానికి కావలసిన సైన్యం గురించీ, సరఫరాల గురించీ ఇప్పుడు మాట్లాడవలసినది ఈమె కొలువుతోనే. 1705 డిసెంబరు 31న, అరవై ఏడేళ్ళ వయసులో, ఆమె తాను కట్టించుకున్న ఆ భవనంలోనే కన్నుమూసింది.